సగం లియాన్ సంచులు

గ్లెనిస్ ఆ ఒట్టు కోపంలో పెట్టుకుంది. బుధవారం పొద్దున్నే తివాచీ మీద మోకాళ్లు వేసి కూర్చుని, వెన్న రాసే కత్తితో ఆకుపచ్చ జిగురు గీకుతూ పెట్టుకుంది. డెబ్బై ఒకటో ఏట మోకాళ్ల మీద కూర్చోబెడితే ఎవరికైనా అలాంటి ఒట్లే నోటికొస్తాయి.

"ఇంక ఈ గడపలోకి ప్లాస్టిక్ పుట్టినరోజు సంచి వచ్చిందో, నా పేరు గ్లెనిస్సే కాదు!"

జిగురు వచ్చింది శనివారం జరిగిన టేగన్ ట్రస్కాట్ పుట్టినరోజు నుంచి. పార్టీ అయ్యాక పిల్లలు వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర తలా ఒక సంచి చేతిలో పెట్టాలి. గురాబీ ఊళ్లో అది లేకపోతే, తాంబూలం ఇవ్వని పేరంటంలాగా, పార్టీ జరిగినా జరగనట్టే లెక్క. టేగన్ వాళ్లమ్మ లియాన్ ఇచ్చిన సంచి చూస్తే కళ్లు చెదిరాయి. తళతళలాడే ప్లాస్టిక్ సంచి, అందులో వెలిగి ఆరే ఉంగరం, ఈల, పిప్పరమెంట్లు, డబ్బాలో జిగురు ముద్ద. ఆదివారానికి ఈల పగిలింది. సోమవారానికి ఉంగరం ఆరిపోయింది. పిప్పరమెంట్ల సంగతి చెప్పనక్కర్లేదు. జిగురు మాత్రం చిరంజీవి.

గ్లెనిస్ మనవరాలు మార్నీ బల్ల దగ్గర కూర్చుని పాలల్లో గోధుమ బిస్కెట్లు నానబెట్టుకుంటోంది. వచ్చే శనివారానికి దానికి ఏడు నిండుతాయి.

"మరి నా పార్టీకి ఏమిస్తావ్ అమ్మమ్మా?"

"గుడ్డ సంచి కుట్టిస్తా. పాత గుడ్డతో. భూమికి మంచిది, మన తివాచీకి మంచిది."

మార్నీ చెంచా కింద పెట్టేసింది. "అయితే నాకు పార్టీ వద్దు."

"అదేంటే?"

"అందరూ నవ్వుతారు. నవ్వితే నేను సోమవారం బడికి పోను. చచ్చినా పోను."

డ్యూటీకి వెళ్తూ చెప్పులు వెతుక్కుంటున్న కెరిన్, అంటే మార్నీ తల్లి, గ్లెనిస్ కూతురు, గుమ్మంలోంచే అరిచింది. "అమ్మా! ఈ ఒక్కసారికీ దుకాణంలో కొనిపడేద్దాం. భూమి ఏమీ అనుకోదులే!"

"ఒట్టు పెట్టుకున్నా."

"ఎవరు పెట్టుకోమన్నారు?"

ఎవరూ పెట్టుకోమనలేదు. కానీ గ్లెనిస్ పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. మూడు కాళ్ల మీద అది ఎంత దూరం పోతుందోనని ఆమెకు లోపల దడగానే ఉంది. ఎందుకంటే ఆ ఇంట్లో ఇంకెవరికీ తెలియని సంగతి ఒకటి ఆమెకు తెలుసు.

కెరిన్ కాపురం చెదిరి, కూతుర్ని తీసుకుని, ఆ దేశంలో చలికాలమైన జూన్ నెలలో తల్లి దగ్గరికి వచ్చేసింది. గ్లెనిస్ వారానికి నాలుగు రోజులు ధర్మార్థం నడిచే పాత సామాన్ల దుకాణంలో ఊరికే పనిచేస్తుంది. ఆ దుకాణం వెనక తలుపు తెరిస్తే ఎదురుగా బడి కంచె, కంచె అవతల మంచినీళ్ల కుళాయిల వరస. జూన్ నుంచి తను పనికి వెళ్లిన ప్రతిరోజూ మధ్యాహ్నం మార్నీ టోపీ కళ్లమీదికి లాక్కుని, ఒక్కతే ఆ కుళాయిల పక్కన కూర్చుని తిండి డబ్బా తెరుచుకోవడం గ్లెనిస్ చూస్తూనే ఉంది. పిల్ల ఇంటికొచ్చి, "ఇవాళ భలే ఆడుకున్నాం" అని అబద్ధం చెప్పేది. అమ్మమ్మ "అలాగా!" అని అంతకంటే పెద్ద అబద్ధం ఆడేది. ఆ కుళాయిల దగ్గర నుంచి పిల్లను లేపాలి. గ్లెనిస్‌కు ఈ పార్టీ అంటే అంతే, ఇంకేం లేదు. అలాంటి పార్టీ మీద తనే పోయి ఒట్టు అనే బండరాయి ఎత్తి పెట్టింది.

మర్నాడు దుకాణంలో మెర్వ్‌తో మొరపెట్టుకుంది. మెర్వ్ దుకాణానికి వచ్చిన పెట్టెలు ఆమెతోపాటు విప్పి సర్దే పెద్దమనిషి. రిటైరైన రైలు డ్రైవరు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు.

"గుడ్డే కదా కావాల్సింది? ఇవిగో పట్టుకుపో," అని మెర్వ్ బల్ల కింది నుంచి ఒక కట్ట లాగాడు. "గిన్నెలు తుడిచే తువాళ్లు. ఐదూ ఒకే పెట్టెలో వచ్చాయి. ఒక్కటీ నీళ్లు చూడలేదు. ఆగస్టు నుంచీ అమ్ముడుపోక నా ప్రాణం తీస్తున్నాయి."

గ్లెనిస్ ఒకటి విప్పింది. బడి కోసం చందాలు పోగుచేయడానికి అచ్చేసిన తువాలు. ఇక్కడ ఏ బడి అయినా ఏదో ఒక ఏడు చేసే పనే అది. ప్రతి పిల్లా పిల్లాడూ తన బొమ్మ తనే గీసి కింద పేరు రాసుకోవాలి, అన్నీ కలిపి తువాలు మీద అచ్చేస్తారు, తల్లిదండ్రులు మొహమాటానికి కొంటారు. అడుగున 1992 అని ఉంది. అరవై మొహాలు. మెడలు లేనివాళ్లు, చెవుల్లోంచి చేతులు మొలిచినవాళ్లు, జుట్టు మూడే వెంట్రుకలున్నవాళ్లు.

"ముచ్చటగా ఉన్నాయి కదయ్యా! ఎవరూ ఎందుకు కొనలేదూ?"

"ఎవరి పిల్లల మొహంతో వాళ్లు గిన్నెలు తుడుచుకోవాలి గానీ, పక్కింటి పిల్లల మొహంతో తుడిస్తే ఏం బాగుంటుంది చెప్పు?"

"ఈ పిల్లలంతా ఇప్పుడు ఏ దేశాల్లో ఉన్నారో పాపం," అంది గ్లెనిస్, తువాలు మడుస్తూ.

అక్కడే తప్పులో కాలేసింది. గ్లెనిస్ ఈ ఊరొచ్చి ఎనిమిదేళ్లే. మెర్వ్ వచ్చి పదేళ్లు. గురాబీలో పుట్టినవాళ్లెవరూ గురాబీ వదిలి పోరన్న సంగతి బయటినుంచి వచ్చిన ఈ ఇద్దరికీ ఇంకా ఒంటబట్టలేదు.

గ్లెనిస్ నలభై ఏళ్లు యూనిఫారాల ఫ్యాక్టరీలో కుట్టిన మనిషి. ఒక్కొక్క గుడ్డా విడిగా కత్తిరించడం ఆమెకు చేతకాదు. ఐదు తువాళ్లూ అంచుకి అంచు కలిపి దొంతరగా పేర్చి, గుండుసూదులు గుచ్చి, పెద్ద కత్తెర తీసింది. మూడు కోతలు కోస్తే నాలుగు పట్టీలు. ఐదు నాలుగులు ఇరవై. తరగతిలో మార్నీతో కలిపి ఇరవైమంది. లెక్క అచ్చుగుద్దినట్టు సరిపోయింది.

మొహాలు వరసల్లో ఉన్నాయి కాబట్టి కత్తెర వాటి మధ్య సందుల్లోంచి సాఫీగా పోతోంది. రెండో కోతలో మాత్రం ఒకచోట అడ్డు తగిలింది. అందరూ బుద్ధిగా తమ చోటులో తాము గీసుకుంటే, ఒక పిల్ల ఇద్దరి చోటు ఆక్రమించి గుమ్మడికాయంత తల గీసుకుంది. రెండు జడలు, నోరంతా తెరిచిన నవ్వు, ముందు పన్ను ఊడి ఉంది. కోత సరిగ్గా ముక్కు మీదుగా పోవాలి.

"నీకంత చోటెందుకే తల్లీ!" అని విసుక్కుని, ఒక్క క్షణం ఆగి, కత్తెర నొక్కేసింది. అడుగున ఉన్న నాలుగింటిలోనూ అదే మొహం అదేచోట సగానికి తెగింది.

శుక్రవారానికి ఇరవై సంచులు తయారయ్యాయి. మూతికి ఉన్ని తాడు. లోపల అరిగిపోయిన మైనపు రంగు ముక్కలు కరిగించి బుల్లి కేకుల మూసల్లో పోసిన కొత్త రంగు బిళ్లలు, దుకాణంలో పడి ఉన్న గోళీలు తలా నాలుగు, పాత ఊరి పటాల పుస్తకం చింపి మడిచిన పొట్లంలో పొద్దుతిరుగుడు గింజలు, ఇంట్లో చేసిన పంచదార పాకం బిళ్ల. గ్లెనిస్‌కు తన పని చూసుకుని తనకే ముద్దొచ్చింది.

మార్నీ ఒక సంచి తీసి ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "వీళ్లెవరు?"

"ఎవరో చిన్నపిల్లలు. బాగాలేరూ?"

"ఎవరివో మొహాలు ఎందుకిస్తాం అమ్మమ్మా?" అంది మార్నీ. అరిచి ఉంటే గ్లెనిస్ కూడా అరిచేది. పిల్ల మెల్లిగా అంది, అదీ బాధ. తరవాత ఇంకో సంచి తీసింది. "దీంట్లో ఈ పిల్ల సగమే ఉంది."

"అది నువ్వుంచుకో. లోపమున్నవి ఇంటివాళ్లే ఉంచుకోవాలి."

అలాంటి లోపాలు పది సంచుల్లో ఉన్నాయని ఆమె చెప్పలేదు.

శనివారం రానే వచ్చింది. పంతొమ్మిది మందీ వచ్చారు, పార్టీ అంటే ఎవరు మానుతారు? వెన్న రాసి రంగుల చక్కెర పూసలు చల్లిన బ్రెడ్డు ముక్కలు క్షణంలో మాయమయ్యాయి. మెర్వ్ ఏప్రన్ కట్టుకుని సాసేజీలు కాలుస్తూ రైలు కూతలు కూశాడు. పొట్లం చేతులు మారుస్తూ పాట ఆగినచోట ఒక్కో కాగితం పొర విప్పే ఆటలో, పాట ఆగినప్పుడల్లా కొట్లాట. పక్కింటి చెట్టు మీద గూడు కాపలా కాసే మాగ్‌పై పిట్ట దిగి, ఒక పిల్లాడి టోపీ మీద తన్ని పోయింది. వాడు ఏడవడానికి బదులు, "నన్నే తన్నింది! నన్నే!" అని గెంతాడు. అంతా బాగానే ఉంది. కానీ గ్లెనిస్ కళ్లు గేటు మీదే ఉన్నాయి. మూడు గంటలకు తల్లిదండ్రులు వస్తారు, అప్పుడు సంచులు పంచాలి.

మూడయింది. పెద్దవాళ్లు గేటు దగ్గర గుంపుగా నిలబడ్డారు. గ్లెనిస్ బట్టల బుట్టలో సంచులు తెచ్చి పెట్టింది, మార్నీ తలా ఒకటి ఇచ్చింది. పిల్ల చెవులు ఎర్రబడి ఉన్నాయి.

టేగన్ ట్రస్కాట్ తన సంచి తలకిందులు చేసి దులిపింది. గోళీలు గడ్డిలో పడ్డాయి. "ఇంతేనా? వెలిగేదేం లేదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. మార్నీ అమ్మమ్మ వంక చూసింది. ఆ చూపుకి గ్లెనిస్ గుండె జారి చెప్పుల్లోకొచ్చింది. ఒట్టూ లేదు గిట్టూ లేదు, కారు తీసి పోయి ఇరవై ప్లాస్టిక్ సంచులు కొనుక్కొచ్చేద్దామా అనిపించింది.

"నాన్నా!" అని ఒక కేక పడింది. కోబీ అనే బొద్దు పిల్లాడు సంచిని మొహానికి ఆనించుకుని చూస్తున్నాడు. "నాన్నా, ఇది నువ్వే! షేన్ అని రాసుంది! నీ పుట్టుమచ్చ కూడా ఉంది!"

గేటు దగ్గర నిలబడ్డ సార్జెంటు షేన్ డ్యూటీకి పోతూ పోతూ కొడుకు కోసం ఆగాడు. యూనిఫారం, నల్ల కళ్లద్దాలు, ఆరడుగుల మనిషి. ఊళ్లో స్పీడుగా కారు నడిపేవాళ్లకు ఆయన పేరు చెబితే జ్వరం. సంచి మీదేమో ఆరేళ్ల షేన్‌కు మెడ లేదు, ప్యాంటు లేదు, చేతులకు పదకొండు వేళ్లు.

"ఇటివ్వరా," అన్నాడు సార్జెంటు, చుట్టూ చూసి గొంతు తగ్గించి.

"ఇవ్వను! మా నాన్నకి ప్యాంటు లేదోచ్!"

ఇంక చూడాలి. పిల్లలంతా సంచుల మీద పడ్డారు. "మా అమ్మ! మా అమ్మకి మీసాలున్నాయి!" "ఒరేయ్ కోబీ, నా దగ్గర కూడా మీ నాన్న ఉన్నాడు!" "నా దాంట్లో డెంటిస్టు! డెంటిస్టుకి పళ్లే లేవు!" ఒక్కొక్క మొహం ఐదు సంచుల మీద ఉంది కాబట్టి, ఐదుగురు సార్జెంట్లు ప్యాంట్లు లేకుండా తోటంతా పరిగెత్తుతున్నారు. మారకాలు మొదలయ్యాయి. "మీ బాబాయిని ఇస్తా, మా అమ్మనివ్వు." "ఒక్క బాబాయికి ఇవ్వను, గోళీ కూడా వెయ్యి."

పెద్దవాళ్లు ఇంకా ఘోరం. చేపల కొట్టు ఆయన గేటు దూకి లోపలికొచ్చేశాడు. "నేనేడీ? నేనుండాలే! నేను మోటారు సైకిలు మీద ఉంటా!" అని పసిపిల్లల చేతుల్లోంచి సంచులు లాక్కుని చూస్తున్నాడు. పొద్దుతిరుగుడు గింజలు వడగళ్లలా రాలుతున్నాయి. నవ్వలేక కడుపు పట్టుకున్న మెర్వ్ సాసేజీలు మాడ్చేశాడు. తల్లిదండ్రులు ఈ ఊళ్లో చదవని ఇద్దరు ముగ్గురు పిల్లలు కూడా, "నాకు బస్సు డ్రైవరు దొరికాడు!" అని ఎగురుతున్నారు. కెరిన్ గడ్డిలో కూలబడిపోయింది. "అమ్మా, ఊరు మొత్తాన్ని కత్తిరించి పంచావే!"

గ్లెనిస్‌కు పట్టరాని సంతోషం వచ్చింది. మార్నీ ఎక్కడుందా అని చూస్తే గుంపు నడుమ ఉంది, ఎవరి సంచిలో ఎవరున్నారో వెతికిపెడుతోంది. "మార్నీ, మా పెద్దమ్మ ఉందేమో చూడవా!" "మార్నీ, ఇటు రా!" జూన్ నుంచి ఆ పేరు అంత గట్టిగా ఎవరూ పిలవలేదు.

అంతలో టేగన్ గొంతు పైకి లేచింది. "అమ్మా, ఇక్కడ ఒక మూల లియాన్ అని ఉంది. నువ్వేనా? నువ్వు సగమే ఉన్నావ్!"

గేటు దగ్గర లియాన్ ట్రస్కాట్ అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడి ఉంది. బడి కమిటీకి అధ్యక్షురాలు, ఈత పోటీలకు అధ్యక్షురాలు. ఆమె లోపలికి వస్తుంటే దారి దానంతటదే ఏర్పడింది. నవ్వులు తగ్గాయి.

ఆమె టేగన్ చేతిలోది చూసింది. ఒక జడ, ఒక కన్ను, సగం నవ్వు. పక్క పిల్లాడి సంచి తీసుకుని చూసింది. దానిమీదా సగమే. ఇంకోటి. ఇంకోటి. తొమ్మిది చూసింది.

"అందరూ నిండుగా ఉన్నారు. నన్నొక్కదాన్నే కోశారు. అన్నిట్లోనూ," అంది. "గ్లెనిస్ గారూ, మీకు నా మీద ఏమైనా కోపమా?"

 గ్లెనిస్‌కు ఆ ముక్కుమీద కత్తెర ఆగిన క్షణం గుర్తొచ్చింది. ఎవరో అనుకుంది, చూస్తే ఊరికి పెద్ద. టేగన్ వాళ్లమ్మ మొహం మాడ్చుకుని వెళ్లిపోతే, సోమవారానికి మార్నీ మళ్లీ కుళాయిల దగ్గరే.

"తప్పయిపోయిందమ్మాయ్. నువ్వని తెలీదు. నువ్వు మరీ పెద్దగా గీసుకున్నావ్, కోత దారిలో వచ్చావ్. ఈ రాత్రికే రెండు సగాలూ కలిపి కుట్టిస్తా."

"ఇవి మీకెక్కడివి?"

ఇక్కడ మెర్వ్ నోరు మూసుకుని ఉండాల్సింది. పట్టకారు ఊపుతూ అనేశాడు. "నువ్విచ్చినవేనమ్మా! ఆగస్టులో కారు వెనక వేసుకొచ్చావ్ చూడు, టేపు వేసిన పెట్టె? 'మా అమ్మ బీరువాలో అడుగున ఉంది, చూసే ఓపిక లేదు, అలాగే తీసుకోండి' అన్నావ్. ఐదూ దాంట్లోవే."

లియాన్ చేతిలోని సంచి తిప్పి చూసుకుంది. ఆమె తల్లి జులైలో పోయిన సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

"ఐదా?" అంది లియాన్.

"ఐదు. మడత విప్పలేదు."

"ఇంటికి ఒకటి కొంటే గొప్ప," అంది లియాన్. ఆమె గొంతు అధ్యక్షురాలి గొంతులా లేదు. "టీచరు ఇంకో కాగితమిచ్చి చిన్నగా గియ్యమంది, నేను గియ్యలేదు. అది తెలిసి మా అమ్మ నాలుగు రోజులు తిట్టింది. ఎక్కడికెళ్లినా నీకే చోటంతా కావాలా, పక్కవాళ్లు ఎక్కడ నిలబడతారే అని. ఆ తువాలు మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు. సిగ్గుపడి కొనలేదనుకున్నా." చేతిలోని సగాన్ని మళ్లీ చూసుకుంది. "ఐదు కొని దాచిపెట్టిందా, ముసల్ది!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లెనిస్‌కూ తిరిగాయి. 

అప్పుడు మార్నీ ఇంట్లోకి పరిగెత్తింది. తన సంచి పట్టుకొచ్చింది, లోపమున్నది, ఇంటివాళ్లు ఉంచుకోవాల్సింది. టేగన్ పక్కన నిలబడి, దాని సంచికి తన సంచి ఆనించి పట్టుకుంది. ముక్కు ముక్కుతో కలిసింది. రెండు జడలు, రెండు కళ్లు, ఊడిన పన్నుతో నోరంతా తెరిచిన నవ్వు, రెండు సంచుల మీదుగా.

లియాన్ చూసింది. ముందు ముక్కుతో ఒక శబ్దం చేసింది, తరవాత భుజాలు ఊగాయి, తరవాత తల వెనక్కి వేసి నవ్వింది. ఆ నవ్వూ ఆ బొమ్మ నవ్వూ ఒకటే, పన్ను ఒక్కటే తేడా. సార్జెంటు షేన్ అందుకున్నాడు. చేపల కొట్టాయన గింజల మీద జారిపడ్డాడు. మళ్లీ గోల మొదలైంది.

"కలిపి కుట్టమంటావా అమ్మాయ్?" అంది గ్లెనిస్ చెవిలో.

"వద్దు," అంది లియాన్ కళ్లు తుడుచుకుంటూ. "నిండుగా ఉంటే అందరి చోటూ నేనే ఆక్రమిస్తా. ఇలాగే పది ఇళ్లల్లో ఉండనివ్వండి."

సోమవారం మధ్యాహ్నం బడి గంట మోగగానే గ్లెనిస్ వెనక తలుపు దగ్గరికి పోయింది. చెత్తడబ్బా చాటున నక్కింది. మెర్వ్ పక్కన చేరాడు, పొమ్మన్నా పోలేదు.

మార్నీ వచ్చింది. టోపీ లాక్కుంది. అలవాటు చొప్పున కుళాయిల పక్కనే కూర్చుంది.  పార్టీ పార్టీయే, బడి బడే అనుకుంది గ్లెనిస్.

అంతలో టేగన్ వచ్చింది. చేతిలో గుడ్డ సంచి, అందులో తిండి డబ్బా. వెనకాల కోబీ, వాడి సంచి మీద ప్యాంటు లేని సార్జెంటు. ఇంకో నలుగురు.

"జరుగు," అంది టేగన్, కంచె ఇవతలికి కూడా వినిపించేంత గట్టిగా. "మా అమ్మ మిగతా సగం నీ దగ్గరే ఉంది కదా."

మార్నీ జరిగింది.